కట్టు కింద నూనె

అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు. గుర్రం మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే. చిక్కంతా అక్కడే వచ్చింది. మాటలు లేనివాళ్ళు ఇల్లు పంచుకోవచ్చు, వాకిలి పంచుకోవచ్చు, కుళాయి దగ్గర వంతులు వేసుకోవచ్చు. గుర్రాన్ని ఎలా పంచుకుంటారు? ముందు కాళ్ళు నీకు, వెనక కాళ్ళు నాకు అనడానికి లేదు గదా. అందుకని పూటలు పంచుకున్నారు. పొద్దుటి పూట అన్నది. బేకరీలో రొట్టెల పెట్టెలు బండికెక్కించి దుకాణాలన్నిటికీ దింపి వచ్చేవాడు. సాయంత్రం తమ్ముడిది. అదే గుర్రానికి షికారు బండి కట్టి, సరస్సు చుట్టూ పిల్లల్నీ కొత్త జంటల్నీ తిప్పేవాడు.

తమ్ముణ్ణి అందరూ చిన్నోడనే పిలిచేవాళ్ళు. నెత్తి నెరిసినా, మోకాళ్ళు పట్టేసినా చిన్నోడు చిన్నోడే. పెళ్ళీ పెటాకులూ లేవు. వాకిలికి ఒక పక్క అన్నా వదినల ఇల్లు, ఇంకో పక్క గుర్రపు సాల, ఆ సాలని ఆనుకుని చిన్నోడి గది. వదిన పూటపూటకీ పళ్ళెంలో అన్నం పెట్టి, మూత వేసి, వాడి కిటికీ గట్టు మీద పెట్టి పోయేది. మాటలు లేకపోతే మానె, కడుపు మాడ్చే ఇల్లు కాదది.

గుర్రం పేరు దొరసాని. గోధుమ రంగు ఆడగుర్రం. తొట్టిలో ఒక్క గడ్డిపరక తేలుతున్నా నీళ్ళు ముట్టేది కాదు. తన కంటే ముందు ఇంకో బండి పోతే మెడ పైకెత్తి అటువైపు చూసేది కూడా కాదు. ఆ టెక్కు చూసే చిన్నోడు దానికి ఆ పేరు పెట్టాడు.

ఇంతకీ మాటలు ఎందుకు పోయాయంటే, అన్న కూతురి పెళ్ళి దగ్గర పోయాయి. ఆ పిల్లని ఎత్తుకు తిప్పింది చిన్నోడే. పెళ్ళినాడు తన బండిలోనే తీసుకెళ్ళాలని ముచ్చటపడి, బండికి కొత్త రంగు వేసి, తోలు పట్టీలు అద్దంలా తోమి, పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాడు. గేటు ముందుకి పూలు కట్టిన అద్దె కారు వచ్చి ఆగింది. మగపెళ్ళివాళ్ళకి గుర్రబ్బండి నామోషీ అట. ఆ సంగతి అన్నకి ముందే తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు. చిన్నోడు పదిమందిలో ఒక మాట తూలాడు. అన్న రెండు తూలాడు. "ఇంక నీ బండీ వద్దు, నీ మాటా వద్దు పోరా" అన్నాడు. చిన్నోడి చెవిన పడ్డ ఆఖరి "రా" అదే.

అయినా ఒక చూరు కింద బతికేవాళ్ళకి మాటలు లేకుండా ఎలా గడుస్తుంది? గడవదు. అందుకని గుర్రానికి చెప్పుకునేవాళ్ళు. దాణా అయిపోతే అన్న, తమ్ముడు వినేటట్టు, "ఏమే దొరసానీ, రేపు నీకు పస్తే. తెచ్చేవాళ్ళు తెస్తే తింటావ్, లేకపోతే లేదు" అనేవాడు. మర్నాటికి దాణా వచ్చేది. చిన్నోడు దువ్వెనతో దాని ఒళ్ళు రుద్దుతూ, "చూడవే, రొట్టెల బండి ఇరుసు కిర్రుమంటోంది, చెవుడున్నవాళ్ళకి వినపడదు గానీ" అనేవాడు. సాయంత్రానికి ఇరుసుకి గ్రీజు పడేది. వదిన నవ్వుకునేది, అప్పుడప్పుడూ ఏడ్చేది. "ఆ నోరులేని జీవానికి పెద్దరికం అంటగట్టారు" అనేది.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఒకరి చేతిపని మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. ఒకసారి అన్న బిగించిన కళ్ళెం వదులుగా ఉందనిపించి చిన్నోడు సరిచేశాడు. "ఏమే, నా చేతులు పడిపోయాయా? నేనింకా బతికే ఉన్నానని చెప్పవే వాళ్ళకి" అని అన్న చాలా రోజులు గుర్రం చెవిలో పోరు పెట్టాడు. అప్పట్నుంచి అన్న వేసిన ముడి తమ్ముడు విప్పడు, తమ్ముడు పెట్టిన మేత అన్న కదపడు.

చిన్నోడి మనసులో ఉన్న కోరిక ఒక్కటే. అన్న మళ్ళీ తనని "ఒరే" అనాలి. తిట్టడానికైనా సరే. పాడు పంతం, తనంతట తాను పోయి పలకరించనివ్వలేదు గానీ, సాయంత్రం బండి తోలుకొచ్చేటప్పుడు అరుగు మీద కూర్చున్న అన్నని చూసి, ఇవాళ పిలుస్తాడేమోనని ప్రతిరోజూ అనుకునేవాడు.

ఒకనాటి సాయంత్రం బండి విప్పుతుంటే దొరసాని ఎడమ ముందుకాలు మోకాలి కింద కాస్త లావుగా కనిపించింది. చిన్నోడు వంగి చేత్తో తడిమాడు. మెత్తగా, కొంచెం వెచ్చగా ఉంది. ఆ కిందనే కాలికి కట్టే మువ్వల పట్టీ ఒరుసుకున్న చోట చర్మం ఎర్రబడి, సన్నగా దద్దుర్లు లేచాయి. కాలు మాత్రం గట్టిగానే మోపుతోంది. నడిపించి చూశాడు, కుంటలేదు. గుర్రాలతో బతికేవాళ్ళకి ఇదొక జబ్బే కాదు. కుళాయికి గొట్టం తగిలించి చన్నీళ్ళ ధార కాలి మీద వదిలాడు. వేడి దిగేదాకా అలాగే పట్టుకుని, దద్దుర్లని ఉప్పునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దాడు. పట్టీ తీసి అవతల పెట్టాడు. రెండు పూటలు బండి కట్టకపోతే అదే పోతుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. వాళ్ళ నాన్న నేర్పిన నూనె ఒకటుంది. కర్పూరం, టర్పెంటైను కలిపి కాచిన ఘాటైన నూనె. చిన్నోడు రోజూ తన మోకాళ్ళకి అదే రాసుకుంటాడు గనక గదీ సాలా ఎప్పుడూ ఆ వాసనే కొడుతుంటాయి. దద్దుర్లకి తగలకుండా, పైన వాచిన మేర మాత్రం ఆ నూనె పట్టించాడు. అది కూడా తప్పేం కాదు. నాన్న చెప్పిందల్లా ఒకటే: "నూనె రాస్తే కాలు గాలికి వదిలెయ్యండి. కట్టు కడితే పొడి కాలికి కట్టండి. రెండూ కలిపారా, బతికున్న చర్మం కింద పొయ్యి పెట్టినట్టే." ఈ మాట అన్నకీ తెలుసు, తమ్ముడికీ తెలుసు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చెప్పిన మాటే.

నూనె రాసిన సంగతి అన్నకి తెలియాలి. పొద్దున అన్న సాలలోకి రాగానే గుర్రానికి చెప్పినట్టు చెబుదామనుకుని చిన్నోడు పడుకున్నాడు. కానీ షికారు బండి చక్రం ఇనుప కమ్మీ వదులైందని గుర్తొచ్చి, బండి ఎలాగూ కదలదు గదా అని, చక్రం దొర్లించుకుంటూ పొద్దున్నే కమ్మరి దగ్గరికి పోయాడు. అన్న వచ్చి చూశాడు. కాలు వాచి ఉంది. నూనె అప్పటికి ఇంకిపోయింది. వాసన అంటారా, ఆ సాలలో ఆ వాసన లేనిదెప్పుడు? అన్నకి ముందునుంచీ నూనెల మీద నమ్మకం తక్కువ, కట్టు మీద గురి ఎక్కువ. దూది పరిచి, బారు గుడ్డ చుట్టలు చుట్టి, నిండుగా కట్టు కట్టాడు. గుర్రానికి సెలవిచ్చి, తోపుడు బండి అడిగి తెచ్చుకుని, ఆ వయసులో రొట్టెల పెట్టెలు తనే తోసుకుంటూ పోయాడు.

చిన్నోడు మధ్యాహ్నానికి చక్రంతో తిరిగొచ్చి, సాలలో అడుగుపెట్టి, ఆ కట్టు చూశాడు. నూనె రాసిన కాలికి!

ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పని. ముడి లాగితే కట్టు ఊడుతుంది. బకెట్టెడు చన్నీళ్ళు పోసి నూనె కడిగేస్తే సరి. వంగి ముడి మీద చెయ్యి వేశాడు కూడా. అంతలో వాకిట్లో అలికిడైంది. అన్న అప్పుడే ఇంటికి చేరి, కుళాయి తిప్పి, ఇనుప డ్రమ్ములోకి నీళ్ళు పడుతున్నాడు. చిన్నోడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కట్టు విప్పితే మళ్ళీ ఆ రభసే, చేతులు పడిపోయాయా అనే దెప్పుడే. విప్పడం తన పని కాదు. చెప్పడం తన పని.

అందుకని చెప్పాడు. గుర్రం మెడ నిమురుతూ, "ఏమే దొరసానీ, నూనె రాసిన కాలికి కట్టు కడతారా ఎవరన్నా?" అన్నాడు.

మామూలు గొంతుతోనే అన్నాడు. ఖాళీ డ్రమ్ములో కుళాయి నీళ్ళు ఉరుముతున్నట్టు పడుతున్నాయి. అన్న వీపు ఇటువైపు ఉంది. తిరగలేదు.

విన్నాడేమో. విని, తర్వాత విప్పుదామని అనుకుంటున్నాడేమో. వినలేదేమో. ఇంకోసారి గట్టిగా అనొచ్చు. నాలుగడుగులు వేసి అన్న ముందు నిలబడి, "అన్నా, ఆ కాలికి నూనె రాశాను" అనొచ్చు. ఎంతసేపు పట్టే మాట! కానీ చిన్నోడిలో ఇంకో పురుగు తొలిచింది. ఒకరోజు ఉంటే ఏమవుతుంది, కాస్త పొక్కుతుంది. పొక్కితే అప్పుడు తెలుస్తుంది పెద్దమనిషికి, అడక్కుండా చెయ్యి పెడితే ఏమవుతుందో. పెళ్ళినాడు నన్ను అడిగాడా? ఆ అక్కసుతోనే గదిలోకి పోయి, కిటికీ గట్టు మీదున్న పళ్ళెం మూత తీసి, నిదానంగా భోంచేశాడు.

సాయంత్రానికి కట్టు అలాగే ఉంది. అన్న వినలేదని ఇంక అనుమానం లేదు. అప్పుడైనా విప్పాల్సింది. విప్పితే, "మరి మధ్యాహ్నమే ఎందుకు విప్పలేదు?" అనే ప్రశ్న వస్తుంది. ఒక పూట ఆలస్యం ఇంకో పూటకి అడ్డం నిలబడింది. నేను చెప్పాను గదా, చెప్పాను గదా అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. తెల్లవారుతుండగా గోడ అవతల గుర్రం నేలని తన్నుతున్న చప్పుడు వినపడింది. చిన్నోడు దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు.

పొద్దున అన్న వచ్చేసరికి దొరసాని వంగి కట్టుని పళ్ళతో పీకుతోంది. కొత్త కట్టంటే గుర్రాలు పీకడం మామూలే. తల కిందికి వంచకుండా తాడు పొట్టిగా కట్టేసి, అన్న రొట్టెలకి పోయాడు. వచ్చేసరికి అది చెమటతో తడిసి వణుకుతోంది. అప్పుడు కట్టు విప్పాడు. దూదితోపాటు చర్మం ఊడొచ్చింది. వదిన కేక విని చిన్నోడు పరిగెత్తుకొచ్చాడు. మోకాలి కింద పచ్చి మాంసం. అన్న ఆ దూది చేతిలో పట్టుకుని, గుర్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"బిగించేశానే తల్లీ" అంటున్నాడు. "చేతులకి తెలివి పోయిందే. బిగించి చంపేశానే."

చిన్నోడు వెనక్కి తిరిగి డాక్టరు కోసం పోయాడు. 

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. బాగా చదువుకున్నవాడు, మంచివాడు, విసుక్కోకుండా కడిగాడు. కడుగుతూ అడిగాడు: "కట్టు కింద ఏమైనా రాశారా? నూనె గానీ, మందు గానీ?"

"లేదండి. పొడి కాలికే కట్టాను" అన్నాడు అన్న.

డాక్టరు తలెత్తి ఇద్దరి వైపూ చూశాడు. చిన్నోడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వదిన కూడా ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసినట్టే అనిపించింది.

"అయితే బిగువే. రక్తం ఆడలేదు" అన్నాడు డాక్టరు. "మీరు కావాలని చేశారా ఏంటండీ, ఊరుకోండి. ముందు ఈ కాలు చూద్దాం."

ఆ తరువాత అన్నదమ్ములిద్దరూ సాలలోనే కాపురం పెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇద్దరికీ తెలిసిన సేవంతా చేశారు. ఒకడు ఉప్పునీళ్ళు కాచి చల్లార్చితే ఇంకొకడు పుండు కడిగేవాడు. ఒకడు ఈగలు తోలితే ఇంకొకడు తడి గడ్డి తీసి పొడిగడ్డి పరిచేవాడు. చేతులు తగులుతూనే ఉండేవి. ఒకరి చేతిపని మీద ఇంకొకరి చెయ్యి పడుతూనే ఉండేది, ఎవరూ కాదనలేదు. గుర్రంతో మాట్లాడటం కూడా మానేశారు. దానికి వినే ఓపిక లేదు. తొట్టిలో గడ్డిపరకలు తేలుతున్నా తాగేది. అది చూసి చిన్నోడు గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

ఆ రోజుల్లో చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. పుండు కాస్త మానాక చెబుదాం అనుకున్నాడు. మానుతోంది కూడా, అంచుల్లో కొత్త చర్మం గులాబి రంగులో కనిపిస్తోంది. అన్న మొహంలో కూడా కొద్దిగా జీవం వచ్చింది. కానీ దొరసాని ఎడమకాలు నొప్పికి బరువంతా కుడికాలి మీదే వేసి నిలబడుతోంది. పగలూ రాత్రీ అదే కాలు. ఒకరోజు ఆ కాలు కూడా మోపనని వెనక్కి వాలింది. గిట్ట పట్టుకుంటే నిప్పులా ఉంది.

డాక్టరు మళ్ళీ వచ్చి గిట్ట నొక్కి చూసి, కాలు మెల్లగా కింద పెట్టాడు. "పుండు మానేదే" అన్నాడు. "ఇది మానదు. ఇన్నాళ్ళూ బరువంతా మోసి గిట్ట లోపల ఎముక జారిపోయింది. నిలబెట్టి ఉంచితే హింసే. ఒక సూదితో పోతుంది, నొప్పి ఉండదు. మీరు ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. అన్న తలాడించి, గుర్రం మొహం పట్టుకోబోయాడు. పట్టుకోలేక వదిలేశాడు. అప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత, తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరే" అన్నాడు. "నువ్వు పట్టుకోరా. నా వల్ల కాదు."

చిన్నోడు పట్టుకున్నాడు. దాని నుదురు తన ఛాతీకి ఆనించుకుని, కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు తన పని చేశాడు. బరువంతా ఒక్కసారి చేతుల మీద పడి, చేతుల్లోంచి జారిపోయింది.

దాన్ని తీసుకుపోయేవాళ్ళు తీసుకుపోయాక, వాకిట్లో ఎండ చాలా ఉంది. అన్న బకెట్టుతో నీళ్ళు పోసి సాల కడుగుతున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. చిన్నోడు చీపురు తీసుకున్నాడు. కాసేపటికి అన్న బకెట్టు కింద పెట్టి, గుమ్మం మీద కూలబడ్డాడు.

"ఇలా రారా, కూర్చో" అన్నాడు.

చిన్నోడు పోయి కూర్చున్నాడు.

"ఆ రోజు మధ్యాహ్నం నువ్వు కట్టు చూసే ఉంటావు. నీ చెయ్యి నాకంటే మంచిది. ఎంత బిగువో పట్టుకోగానే తెలిసిపోయేది నీకు" అన్నాడు అన్న. "నాతో మాటలుంటే విప్పేసేవాడివి. విప్పితే బతికేది. నా చేతిపని ముట్టొద్దని దెప్పి దెప్పి నిన్ను ఆపింది నేనే. పెళ్ళినాడు ఆ ఒక్క మాట ముందే చెప్పలేకపోయిందీ నేనే. అన్నీ నేనే చేశానురా. నువ్వు పేరు పెట్టుకుని పెంచుకున్న గుర్రాన్ని నా చేతులతో చంపాను."

"అన్నా..." అన్నాడు చిన్నోడు.

"నన్ను క్షమించానని ఒక్క మాట అనరా. ఇంకేం అడగను."

చెప్పాలంటే అదే సమయం. నూనె అనే ఒక్క మాట చాలు. అన్న భుజం మీదున్న కొండ దిగిపోతుంది. దిగి ఎక్కడికి పోతుందో చిన్నోడికి తెలుసు. తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నవాణ్ణి, గోడ అవతల గుర్రం తన్నుకుంటుంటే దుప్పటి లాక్కున్నవాణ్ణి, అన్న ఇంకోసారి ఒరే అంటాడా? చిన్నోడు అన్న మొహం చూశాడు. ఇన్నేళ్ళు అరుగు మీద దూరంగా చూసిన మొహం, ఇప్పుడింత దగ్గర్లో, తన నోటి వంకే చూస్తోంది.

"క్షమించాను అన్నా" అన్నాడు.

అన్న వాడి భుజం మీద తలపెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. వదిన లోపల్నుంచి వచ్చి చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇద్దరికీ ఒకే చోట పళ్ళేలు పెట్టింది.

అప్పట్నుంచి అన్న రోజూ మాట్లాడుతున్నాడు. పని లేదు గనక పొద్దున్నే చిన్నోడి గది ముందుకొచ్చి కూర్చుంటాడు. ఒరే అంటాడు, చిన్నోడా అంటాడు, చిన్నప్పటి సంగతులన్నీ తవ్వుతాడు. ఏం మాట్లాడినా చివరికి అక్కడికే వస్తాడు. "నేనే కదరా బిగించింది" అంటాడు. "నువ్వు గనక క్షమించావు. ఇంకొకడైతే నా మొహం చూసేవాడా?" అంటాడు. చిన్నోడు రోజూ, "ఊరుకో అన్నా, నీ తప్పేం లేదు" అంటాడు. అది నిజమని అన్న ఒక్కరోజు కూడా నమ్మలేదు.